పెరిగాక ఎంతవుతుందో తొట్టి మీద రాయండి

సంపాదకులకు,

అక్వేరియం దుకాణాల్లో తొట్టి అద్దం మీద చేప పేరు ఉంటుంది, జత ధర ఉంటుంది. పెరిగాక ఆ చేప ఎంతవుతుందో మాత్రం ఉండదు. గప్పీలకూ మోలీలకూ ఆ లెక్క లేకపోయినా కొంప మునగదు. ‘మాన్‌స్టర్ ఫిష్’ అని పేరు పెట్టి అమ్ముతున్న అరోవానా, రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, ఆలిగేటర్ గార్, పాకూ పిల్లల దగ్గర సమస్యంతా అక్కడే మొదలవుతోంది. ఆదివారం అనుబంధాల్లో వచ్చే వ్యాసాలు కూడా రంగుల గురించీ వాస్తు గురించీ రాసి ఊరుకుంటున్నాయి. కొలతలు రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేసుకోమని మనవి.

ముందు మన చెరువుల్లోని చేపలనే చూద్దాం. రెండడుగుల తొట్టిలో పదేసి చొప్పున, వెండి రంగులోనో తెల్లగానో, అటూ ఇటూ పరుగులు పెట్టే ‘షార్క్’ పిల్లలను చూడని వాళ్లుండరు. అవి సొరచేపలు కావు. కైకలూరు వైపు చెరువుల్లో టన్నులకొద్దీ పండించే పంగస్ పిల్లలే. సొంతగడ్డ అయిన మెకాంగ్ నదిలో ఈ చేప నాలుగడుగులు దాటుతుంది. గుంపుగా తిరిగే జాతి, పిరికిది, చూపు అంతంత మాత్రం. లైటు ఠక్కున వేసినా, ఎవరైనా అద్దం తట్టినా ఒక్క ఉదుటున వెళ్లి గోడకు కొట్టుకుంటుంది. అద్దాల తొట్టిలో పంగస్ మూతి ఎప్పుడూ పుండై ఉండటానికి కారణం రోగం కాదు, చోటు చాలకపోవడం. దానికి మందు వేయడం వృథా. ఇంట్లో పెట్టుకునే ఏ తొట్టీ ఈ చేపకు సరిపోదు.

రెండోది రూప్‌చంద్. చేపల మార్కెట్లో కిలోల లెక్కన తూచి ఇచ్చే ఈ చేపే అక్వేరియం దుకాణంలో రెడ్ బెల్లీ పాకూ. పిల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా, పొట్ట ఎర్రగా ఉంటుంది కాబట్టి ఒక చోట ‘పిరానా’ అంటారు, ఇంకో చోట సిల్వర్ డాలర్లలో కలిపేస్తారు. తేడా పళ్లలో తెలుస్తుంది. పాకూ పళ్లు మన దవడ పళ్లలా చదునుగా, గింజలు నూరడానికి అనువుగా ఉంటాయి. పిరానా కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, పళ్లు ముక్కోణాల్లా వాడిగా ఉంటాయి. సిల్వర్ డాలర్ అయితే అరచేయి అంత, ఆరంగుళాల దాకా పెరిగి ఆగుతుంది. పాకూ రెండడుగులు దాటుతుంది. ఈ రెంటినీ పోల్చుకోలేకపోతే కింద చెప్పబోయే జోడీల, అంటే ఒకే తొట్టిలో కలిపి పెంచే చేపల, లెక్కంతా తప్పుతుంది.

ఇక తొట్టి. చాలామంది లీటర్లు అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది వెడల్పు, అంటే ముందు అద్దం నుంచి వెనక అద్దానికి ఉన్న దూరం. పెరిగిన చేప ఒళ్లు వంచకుండా వెనక్కి తిరగాలంటే వెడల్పు కనీసం దాని పొడవంత ఉండాలి. తొట్టి పొడవు అందుకు రెండున్నర రెట్లకు తగ్గకూడదు. సిల్వర్ అరోవానా తొట్టిలో రెండున్నర అడుగులకు వస్తుంది, మంచి మేత ఉంటే మూడు. కాబట్టి 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు కావాలి. ఎత్తు 2 అడుగులు చాలు. ఎందుకంటే ఇది పైపైన తిరిగే చేప. ఎత్తు పెంచితే అద్దం మందం, ఖర్చు పెరగడమే తప్ప చేపకు ఒరిగేదేమీ లేదు. దుకాణాల్లో మాత్రం 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్టినే ‘అరోవానా ట్యాంక్’ అని చూపిస్తారు. దానిలో 255 లీటర్లు పడతాయి. ఒక ఆస్కార్ చేపకు అది సరిపోతుంది. అరోవానాకు అది ఆరేడు నెలల అద్దె ఇల్లు.

ఆ ఎనిమిదడుగుల తొట్టి బరువు కూడా చెప్పాలి. 48 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,360 లీటర్లు. నీళ్లే 1,360 కిలోలు. అద్దం, ఇనుప స్టాండు, సంప్ (నీళ్లు వడకట్టడానికి పెట్టే అదనపు తొట్టి) దానికి అదనం. రెండడుగుల ఎత్తు నీళ్లు చదరపు మీటరుకు 600 కిలోలకు పైగా భారం వేస్తాయి. మామూలు ఇళ్ల గదులకు శ్లాబు లెక్క కట్టేది చదరపు మీటరుకు 200 కిలోలకు. ఆ 200 గది అంతటి మీదా పరచినట్టు వేసే లెక్కే కావచ్చు. అయినా అపార్టుమెంటు మూడో అంతస్తులో హాలు మధ్యన ఇలాంటి తొట్టి పెట్టేవాళ్లు ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించుకోవాలి. నేల మీద కట్టిన గది అయితే ఏ బెంగా లేదు. పై అంతస్తయితే స్తంభాల దగ్గర, గోడ కింద బీమ్ పోతున్న చోట పెట్టడం మేలు.

అసలు చిక్కు జోడీ చేపల దగ్గర వస్తుంది. “చిన్నప్పటి నుంచీ కలిపి పెంచితే తినదండీ” అనే మాట దుకాణాల్లో తరచూ వినబడుతుంది. కొరమీను పిల్లలు పెంచే రైతు ఎవరినైనా అడగండి. ఒకే తల్లి పిల్లలను ఒకే తొట్టిలో వదిలినా, వారానికో పదిరోజులకో సైజుల వారీగా ఏరకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా మనం గౌరవించుకున్న కొరమీను సొంత తోబుట్టువులకే ఆ మర్యాద ఇవ్వదు. వేట చేపకు స్నేహం ఉండదు, నోటి కొలత ఉంటుంది. నోట్లో పట్టేది మేత, పట్టనిది పొరుగు.

ఆ కొలత చూడటంలోనే పొరపాటు జరుగుతోంది. జనం పొడవు చూస్తారు. చూడాల్సింది జోడీ చేప ఒంటి ఎత్తు, అంటే వీపు నుంచి పొట్ట దాకా. ఎనిమిదంగుళాల సన్నటి లోచ్ చేప అరోవానా నోట్లో సేమియాలా జారిపోతుంది. అయిదంగుళాల సిల్వర్ డాలర్ పళ్లెంలా నిలువుగా ఉంటుంది కాబట్టి పట్టదు. వేట చేప నోరు పూర్తిగా తెరిచినప్పుడు ఎంత వెడల్పో, దానికి ఒకటిన్నర రెట్ల ఒంటి ఎత్తు ఉన్న చేపనే జోడీగా తీసుకోవాలి. మేత అందుకునేటప్పుడు పక్క అద్దం మీద స్కేలు ఆనించి చూస్తే నోటి కొలత తెలుస్తుంది. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్‌కు ఈ సూత్రం కూడా చాలదు. దాని నోరు తలంత వెడల్పు. తన పొడవులో సగం ఉన్న చేపను కూడా మింగే ప్రయత్నం చేస్తుంది, ఆపైన నాలుగు రోజులు పొట్ట ఉబ్బి అడుగున పడి ఉంటుంది. గులకరాళ్లు, హీటరుకు తొడిగిన రబ్బరు మూతలు, నీళ్ల పైపు ముక్కలు కూడా మింగుతుంది. మూడంగుళాల పిల్లగా అమ్మే ఈ చేప మూడడుగులు దాటుతుంది. మన వాలుగను అద్దాల పెట్టెలో ఊహించుకుంటే సరిపోతుంది. దానికి సిమెంటు కుంట కావాలి, జోడీ చేపల సంగతి ఆ తర్వాత.

ఇవాళ నోట్లో పట్టని చేప ఆరు నెలల తర్వాత పట్టవచ్చు. అయిదంగుళాల అరోవానాను, అయిదంగుళాల ప్యారట్ చేపను ఒకే రోజు కొని ఒకే తొట్టిలో వేశారనుకుందాం. మంచి మేత మీద అరోవానా పిల్ల మొదటి ఆరు నెలల్లో నెలకు రెండంగుళాల దాకా పొడవు తీస్తుంది. ప్యారట్ అయిదారంగుళాల దగ్గరే ఉంటుంది. ఆరు నెలలకు ఒకటి పదిహేనంగుళాలు దాటుతుంది, రెండోది కొన్నప్పటి సైజులోనే ఉంటుంది. ప్యారట్ గుండ్రటి ఒళ్లు కాబట్టి ఆ సైజులో సాధారణంగా బతికిపోతుంది. అదే టైగర్ బార్బో, ఏంజెల్ పిల్లో అయితే మూడో నెలలోనే ఖాళీ. కాబట్టి జోడీలు రెండూ పెరిగాక ఎంతుంటాయో, ఎవరు ముందు పెరుగుతారో కాగితం మీద వేసుకుని కొనాలి.

ముళ్లున్న చేపల గురించి విడిగా చెప్పాలి. జెల్ల ముల్లు గుచ్చుకున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. కోరిడోరస్, పిక్టస్ లాంటి చిన్న క్యాట్‌ఫిష్‌లు ప్రమాదం వస్తే రెక్క ముళ్లను నిక్కబొడుచుకుని బిగించేస్తాయి. వాటిని మింగబోయిన ఆస్కార్ గొంతులో ముల్లు అడ్డుపడి, మింగిందీ మింగబడిందీ రెండూ పోతాయి. “అడుగు శుభ్రం చేస్తుంది” అని అంటగట్టే సక్కర్ చేప ఇంకో తలనొప్పి. పిల్లగా పాచి గీకుతుంది. పెరిగి అడుగు దాటాక రాత్రిళ్లు కదలకుండా నిలబడే చేపల ఒంటి మీది జిగురు నాకడం మొదలెడుతుంది. అరోవానా పొలుసుల మీద తెల్లటి గీతలు, అక్కడక్కడ ఊడిన పొలుసులు కనిపిస్తే ముందు సక్కర్‌ను అనుమానించాలి.

కుదిరే జోడీలు ఇవి. పైనీళ్లలో ఒక సిల్వర్ అరోవానా. రెండో మూడో వద్దు, పెరిగాక బలమైనది మిగతావాటిని పీక్కుతింటుంది. మధ్యనీళ్లలో ఆరుకు తగ్గకుండా సిల్వర్ డాలర్లు, లేదా అడుగు దాకా పెరిగే టిన్‌ఫాయిల్ బార్బులు. ఇవి గుంపుగా తిరుగుతుంటే అరోవానా కూడా అద్దం పక్కన బెదిరి నిలబడకుండా స్థిమితంగా ఈదుతుంది. అడుగున సెనెగల్ బిచిర్లు రెండు మూడు, పది పన్నెండంగుళాలు దాటినవి. బిచిర్‌కు చూపు తక్కువ, వాసనతో మేత వెతుక్కుంటుంది. పైచేపలు మేతంతా తినేస్తే ఎండిపోతుంది. లైటు ఆర్పిన అరగంటకు మునిగే పెల్లెట్లు దాని మూలకు వేయాలి.

ఆస్కార్‌ను అరోవానాతో కలపవచ్చునని చాలామంది చెప్తారు. మేం వద్దంటాం. పిల్ల ఆస్కార్లు అరోవానా మీసాలు కొరుకుతాయి, పెద్దయ్యాక గుడ్లు పెట్టే రోజుల్లో తొట్టి సగం తమదేనంటాయి. ఆస్కార్లకు ఆస్కార్లతోనే, సిల్వర్ డాలర్లతోనే బాగుంటుంది. ఫ్లవర్‌హార్న్‌కు జోడీ వెతకడమే తప్పు. అది ఒంటరిగా బతికే సంకర జాతి. అద్దంలో తన నీడను కూడా సహించదు.

కొత్త చేపను సంచీ విప్పి నేరుగా పోయకూడదు. వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, ఒక స్పాంజి ఫిల్టరు పెట్టుకుని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాలి. తెల్ల మచ్చల రోగం, ఒంటికి పట్టే యాంకర్ వార్మ్ పరాన్నజీవి బయటపడటానికి అంత గడువు అవసరం. తొట్టిలో చేపలు వేసే క్రమం కూడా ముఖ్యం. నిదానంగా ఉండేవి ముందు, దబాయించేవి చివర. ముందే స్థిరపడిన దూకుడు చేప దగ్గరికి కొత్తదాన్ని పంపాల్సి వస్తే, లోపలి అలంకారాలు అటూ ఇటూ మార్చి, లైటు ఆర్పి వదలాలి. ఇంకా మంచిది, రంధ్రాలున్న అక్రిలిక్ పలకతో తొట్టిని రెండుగా చేసి పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వడం. పలక తీశాక రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఒక చేప మేతకు రాకుండా హీటరు వెనకో, ఫిల్టరు పైపు వెనకో నక్కిందంటే జోడీ కుదరలేదన్నమాట. “సర్దుకుంటాయిలే” అని వదిలేస్తే మూడో రోజు తేలుతుంది.

అరోవానా తొట్టికి మూత లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. అమెజాన్‌లో నీటి మీదికి వంగిన కొమ్మల మీది పురుగులను ఎగిరి పట్టుకునే చేప ఇది. పలచటి అద్దం పలక పెడితే దాన్నీ ఎగరేస్తుంది. కొక్కెం వేసే మూత ఉండాలి. నీటికీ మూతకూ మధ్య అరడుగు ఖాళీ వదలాలి. బిచిర్, కొరమీను గాలి పీల్చే చేపలు కాబట్టి వాటికీ ఆ ఖాళీ అవసరమే. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాన్ని స్పాంజితో మూయాలి. బిచిర్ అందులోంచే పాకి బయటకు వస్తుంది.

నీళ్ల విషయంలో నియమాలు కొత్తవి కావు, పాటించేవాళ్లే తక్కువ. పెద్ద చేప మలం పెద్దది. తొట్టి నీటిలో నాలుగో వంతు పట్టే సంప్, గంటకు అయిదారు సార్లు నీరంతా తిప్పే మోటారు కావాలి. చేపలు వేయకముందే చేప మలం నుంచి వచ్చే విషం అమ్మోనియాను, దాని నుంచి పుట్టే నైట్రైట్‌ను హరించే బాక్టీరియాను నాలుగు నుంచి ఆరు వారాలు ఫిల్టరులో పెంచాలి. వాటికి మేతగా వంద లీటర్లకు 0.6 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. ఆ 2 పీపీఎం ఒక్క రోజులో సున్నాకు దిగి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ఫిల్టరు సిద్ధం. మన బోరు నీళ్లు చాలాచోట్ల పీహెచ్ 8 దగ్గర ఉంటాయి. పీహెచ్ 7లో కంటే 8లో విషరూపంలో ఉండే అమ్మోనియా దాదాపు పది రెట్లు. అదే కొలత అమ్మోనియా ఒక ఇంట్లో ఏమీ చేయకపోవడానికీ, పక్కింట్లో మొప్పలు కాలిపోవడానికీ కారణం ఇదే. వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. మునిసిపల్ నీళ్లయితే వంద లీటర్లకు ఒక గ్రాము హైపో (క్లోరిన్ పోగొట్టే సోడియం థయోసల్ఫేట్) వేసి కలపాలి. చుక్కల కిట్‌తో చూసి నైట్రేట్ 40 పీపీఎం దాటకుండా ఉంచాలి.

కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. చేపలకే కాదు, ఫిల్టరులోని బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి నీరు కుళ్లుతుంది. కరెంటు రాగానే అలాగే స్విచ్ వేస్తే ఆ కుళ్లంతా తొట్టిలోకి పోతుంది. ముందు ఆ నీళ్లు పారబోయాలి. మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే మేత సగానికి తగ్గించాలి. వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ, తిన్నది అరిగించుకోవడానికి కావాల్సింది ఎక్కువ.

మేత గురించి ఒక్క మాటే. వేట చేప కదా అని బతికున్న గోల్డ్‌ఫిష్ పిల్లలను వేయడం చూడముచ్చటగా ఉంటుంది కానీ చేటు. వాటితోపాటు యాంకర్ వార్మ్, తెల్ల మచ్చలు వస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ ఒంట్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైము విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది. నెలల తరబడి అదే మేత అయితే చేప తూలుతూ ఈదుతుంది. కోడి, గొడ్డు మాంసం కొవ్వు చేప కాలేయంలో పేరుకుంటుంది. పెద్ద పెల్లెట్లు, తల ముల్లు తీసిన రొయ్య ముక్కలు, అప్పుడప్పుడు చేప ముక్క చాలు. పెల్లెట్ ముట్టని అరోవానా అరడుగు దాటి ఉంటే నాలుగు రోజులు పస్తు పెట్టి, రొయ్య ముక్కలో పెల్లెట్ దూర్చి ఇవ్వాలి. రెండో వారానికి దారిలోకి వస్తుంది. అంతకంటే చిన్న పిల్లను అన్ని రోజులు మాడ్చకూడదు. పెరిగిన చేపకు వారానికి నాలుగు పూటలు మించి అక్కర్లేదు.

చట్టం సంగతి కూడా కొనేవాళ్లకు చెప్పేవారు లేరు. ‘డ్రాగన్ ఫిష్’ అని లక్షల మాట చెప్పే ఏషియన్ అరోవానా అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవులను కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితం లేకుండా అమ్మితే కొనకూడదు. దుకాణదారు ఇచ్చే చేతిరాత బిల్లు కాగితం కాదు.

చివరికి తొట్టి చాలని చేప ఎక్కడికి పోతోంది? చెరువుకు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సు శుభ్రం చేస్తుండగా ఆలిగేటర్ గార్ దొరికింది. అది అమెరికా దక్షిణ రాష్ట్రాల చేప, ఆరడుగులు దాటుతుంది, గుడ్లు విషం. కాశ్మీరుకు తనంత తాను ఈదుకుంటూ రాలేదు. మన కృష్ణా, గోదావరి జాలర్ల వలలు చింపుతున్న డెవిల్ ఫిష్ ఎవరో కాదు, పైన చెప్పిన “అడుగు శుభ్రం చేసే” సక్కరే. ఒంటి మీద గరుకు పలకలు, బిగుసుకునే ముళ్లు, వలలో పడితే వల కోయాల్సిందే. గణేశ్ నిమజ్జనానికి తీసుకెళ్లినట్టు చేపను చెరువుకు సాగనంపడం పుణ్యం అనుకునేవాళ్లు ఉన్నారు. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెద్ద కుంట ఉన్నవాళ్లకు అప్పగించాలి. ఏదీ కుదరకపోతే పశువైద్యుడి చేత లవంగ నూనె మత్తుతో నొప్పి లేకుండా ముగించడమే చెరువుకు మేలు.

మత్స్యశాఖల నుంచి మేం కోరేది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి అక్వేరియం దుకాణంలో తొట్టి మీద మూడు వరుసల చీటీ ఉండాలి. పెరిగాక పొడవు, కనీస తొట్టి కొలత, పక్కన వేయకూడని చేపలు. ఉదాహరణకు, సిల్వర్ అరోవానా: పొడవు రెండున్నర నుంచి మూడడుగులు, తొట్టి 8×3×2 అడుగులు, ఇంకో అరోవానా, ఆస్కార్, చిన్న ముళ్ల చేపలు వద్దు. పంగస్ తొట్టి మీద మొదటి వరుస ఒక్కటి రాసినా చాలు: నాలుగడుగులు. మీ పత్రిక కూడా ఇకమీదట పెంపుడు చేప బొమ్మ వేసినప్పుడల్లా కింద ఆ పొడవు అచ్చు వేయగలదని ఆశిస్తున్నాం.

ఇట్లు,
కొందరు అక్వేరియం పెంపకందారులు,
విజయవాడ